నక్క నోట్లో కోడి పాట

మా అత్తగారికి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. కొడుకులిద్దరికీ సంగీతం వినిపిస్తే నిద్ర ముంచుకొస్తుంది. కోడళ్లమిద్దరం మాత్రం ఊళ్లోని ఆర్కెస్ట్రాలో ఊదుతాం. పెద్దకోడల్ని నేను, నాది క్లారినెట్. మా తోడికోడలిది ఓబో. ఇంట్లో అందరూ మా తోడికోడల్ని చిన్నది అంటారు, నేనూ అంతే. దూరం నుంచి చూసేవాళ్లకు మా వాద్యాలు రెండూ ఒకేలా ఉంటాయి, నల్లగా, పొడుగ్గా, వెండి మీటలతో. వింటే మాత్రం మా ఇద్దరికీ ఉన్నంత తేడా ఉంటుంది. నాది గుండ్రటి గొంతు. దానిది ముక్కుతో మాట్లాడే గొంతు, జలుబు చేసిన మనిషి తన కష్టం చెప్పుకుంటున్నట్టు. ఈ మాట నేను చాలాసార్లు దాని ముందే అన్నాను. అది నవ్వి ఊరుకుంటుంది.

ఊరుకోక చేసేదేమీ లేదు, ఎందుకంటే దాని నోట్లో ఎప్పుడూ రీడు ఉంటుంది. సన్నటి రెల్లు ముక్కలు రెండు చెక్కి, జత చేసి, దారంతో బిగించి కడితే అది ఓబో రీడు. తడిగా ఉంటేనే పలుకుతుంది. అందుకని చిన్నది బట్టలు ఆరేస్తున్నా, కూతురికి జడ వేస్తున్నా ఒక రీడు పెదవుల మధ్య పెట్టుకునే ఉంటుంది. నేను ఎంత పెద్ద గొడవ మొదలుపెట్టినా అటునుంచి వచ్చే సమాధానం "ఊ". మహా అయితే "ఊహూ". అలాంటి మనిషితో పోట్లాడటం కన్నా గోడతో పోట్లాడటం నయం. ఇది చాలనట్టు, ఇంట్లో ప్రతి గ్లాసులోనూ ఒక రీడు నానుతూ ఉంటుంది. ఒకసారి మా అత్తగారు మాత్ర వేసుకోబోయి ఆ గ్లాసే ఎత్తి గటగటా తాగేసి, గొంతుకు పుల్ల అడ్డం పడి ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టించింది. తీరా రీడు బయటపడ్డాక చిన్నది ముందు దాన్ని తీసి వెలుతురుకు పెట్టి చూసింది, విరగలేదు కదా అని. ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

కచేరీకి ముందు ఆర్కెస్ట్రాలో ఒక పద్ధతి ఉంది. ఓబో ఒక స్వరం పట్టుకుని నిలబెడుతుంది. మిగిలిన వాద్యాలన్నీ అది విని శ్రుతి సరిచూసుకుంటాయి. ఇంట్లో పొయ్యి కట్టెయ్యమంటే ఆరేళ్ల కూతురు కూడా లెక్కచెయ్యని మనిషి మాటను అక్కడ వయొలిన్లు, ట్రంపెట్లు, డోళ్లు, ఆఖరికి నేను కూడా నోరు మూసుకుని వినాలి. వినేదాన్ని, పళ్లు బిగించి మరీ వినేదాన్ని.

ఏటా పిల్లల కోసం మేం ఒక సంగీత కథ వాయిస్తాం. మా కండక్టరుగారు, అంటే ముందు నిలబడి కర్ర ఊపుతూ మా అందరినీ నడిపించే ఆయన, వయసులో ఉన్నప్పుడు రాసింది. ఒక కోడిపిల్ల తప్పిపోతుంది. తల్లి దాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. దున్నపోతును అడిగితే అది నెమరు వేస్తూ ఏమో అంటుంది. నక్క వచ్చి, ఒంగి ఒంగి దండాలు పెట్టి, నేను వెతికిపెడతానంటుంది. చివరికి నక్క బురదలో పడుతుంది, తల్లీపిల్లా కలుసుకుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో వాద్యం. కోడిపిల్ల పికోలో, అంటే వేలెడంత వేణువు. దున్నపోతు ట్యూబా, అంటే చుట్టలు చుట్టిన ఇత్తడి గంగాళం. తల్లికోడి ఓబో. నక్క క్లారినెట్. ఈ పంపకం ఎవరు చేశారో అని నేనేమీ అడగలేదు. మా అత్తగారు మాత్రం మొదటిసారి విని, "బాగా కుదిరింది" అంది.

నక్కకు పెద్ద పాటంటూ లేదు. దొంగనడకలు, వంకర నవ్వులు, చివర్లో బురదలో జారిపడటం. అసలు పాట కోడిది. పొద్దుగూకుతుంటే పిల్ల కనబడక తల్లి పిలిచే పాట. కండక్టరుగారు జన్మకి ఒకే ఒక్క గొప్ప పాట రాశారు, అది తీసుకెళ్లి ముక్కు గొంతుకు ఇచ్చారు. ఏళ్ల తరబడి దాని పక్క కుర్చీలో కూర్చుని ఆ పాట విన్నాను. విన్నప్పుడల్లా నా వేళ్లు వాటంతటవే మీటల మీద కదిలేవి.

ఎందుకంటే ఆ పాట నా కాగితం మీద కూడా ఉంటుంది. చాలాసేపు ఊరికే కూర్చున్నవాళ్లు ఎక్కడ అందుకోవాలో తెలియడానికి, పక్క వాద్యం పాటను మా కాగితంలో సన్నటి స్వరాల్లో అచ్చువేస్తారు. అవి చూసుకోవడానికి మాత్రమే. ఆ వాద్యం మనిషి జబ్బుపడి రాకపోతే మాత్రం పక్కవాళ్లు వాటిని వాయించి గండం గట్టెక్కిస్తారు. చిన్నదానికి ఒక్కసారి కూడా జబ్బు చేయలేదు. రాయిలాంటి మనిషి.

ఇక్కడ మా కొత్త మేనేజరు సంగతి చెప్పాలి. అంతకుముందు ఏదో బల్లలూ కుర్చీలూ నిలవచేసే గోదాములో చేశాడట. మంచి మనిషే, కానీ కనబడిందానికల్లా "ఎందుకండీ" అంటాడు. వయొలిన్లు ఇంతమంది ఒకే పాట వాయిస్తున్నారు ఎందుకండీ, ఇద్దరు గట్టిగా వాయిస్తే చాలదా? డోలు ఆయన గంటసేపు ఊరికే నిలబడ్డాడు ఎందుకండీ? కండక్టరుగారినైతే, మీరేమీ వాయించడం లేదు ఎందుకండీ అని మొహం మీదే అడిగాడు. ఆయన "చూద్దాం" అన్నారు. కండక్టరుగారు దేనికైనా చూద్దాం అంటారు. అందుకని మా వాళ్లు ఒకరిని ఎందుకుగారు అనీ ఇంకొకరిని చూద్దాంగారు అనీ పిలుచుకునేవాళ్లు. ఒకరి ప్రశ్నలకు ఇంకొకరి జవాబు సరిగ్గా సరిపోయేది, పని మాత్రం ఏదీ తెమిలేది కాదు.

ఒకరోజు రిహార్సల్లో ఎందుకుగారు నా వెనకాల వచ్చి నిలబడి నా కాగితంలోకి తొంగిచూశాడు.

"మేడం, ఈ సన్నగా ఉన్నవి ఏమిటండీ?"

"అవి ఓబో పాట, సార్. మేం ఎక్కడ అందుకోవాలో తెలియాలి కదా, అందుకు."

"అంటే ఆవిడ వాయించేది మీ దగ్గర కూడా ఉందన్నమాట."

"ఉంటుంది."

"మీరు వాయించగలరా?"

నా నోరు ఎప్పుడూ నన్నడిగి తెరుచుకోదు. "కళ్లు మూసుకుని వాయిస్తాను" అన్నాను.

ఆయన నవ్వాడు. ఎందుకని అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఓబో మేడం ఎక్కువసేపు ఊరికే కూర్చుంటున్నారు. ఆవిడ పాట పక్క మేడం కాగితంలో సిద్ధంగానే ఉంది. కాబట్టి ఆదివారం పిల్లల కచేరీలో కోడి పాట కూడా క్లారినెట్ మేడమే వాయిస్తారు.

"హాల్లో ఒక్కరికైనా తేడా తెలిస్తే నన్ను అడగండి. ఎవరికీ తెలియకపోతే, ఇక ఆ ఉద్యోగం ఎందుకండీ?" అన్నాడు.

అందరం కండక్టరుగారి వైపు చూశాం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని "చూద్దాం" అన్నారు.

చిన్నది పెదవుల మధ్య ఉన్న రీడు తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి మూత వేసింది. పట్టపగలు అది రీడు డబ్బా మూసెయ్యడం నేను అంతవరకు చూడలేదు. నాకు భయమేసింది. దాని మొగుడి సంపాదన సంగతి అందరికీ తెలిసిందే, కానీ నేను భయపడింది అందుక్కాదు. ఓబో లేకపోతే చిన్నది ఏమవుతుంది? అది ఇంకేమీ కాదు. ఊ, ఊహూ, ఓబో. అంతే ఆ మనిషి.

ఇంటికి వచ్చేసరికి కబురు మాకంటే ముందే చేరింది. మా అత్తగారు గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏమ్మా, దాని ఉద్యోగం ఇప్పుడు నీ నోట్లో ఉందటగా?"

"నేనేం అడిగి తెచ్చుకున్నానా, అత్తయ్యా?"

"అడక్కపోతేనేం, కళ్లు మూసుకుని వాయిస్తానన్నావటగా." ట్యూబా ఆయన భార్యకు ఫోనంటే పిచ్చి. ఈ ఊళ్లో ఏదీ దాగదు.

"అన్నాను. వాయించగలను కాబట్టి అన్నాను."

"సరే, అన్నావు. ఇప్పుడు తప్పుగా వాయించు. నాలుగు చోట్ల కీచుమనిపించావంటే ఆ మేనేజరే కాళ్లావేళ్లా పడి దీన్ని పిలుచుకుంటాడు."

"నేను కీచుమనిపించడమా?"

"ఏం, కొంప మునుగుతుందా?"

"మునుగుతుంది. నిండు సభలో నేను అపస్వరం ఊదడం కన్నా, కావాలంటే ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, మీ కాళ్లు పడతాను."

"ఎప్పుడైనా పట్టావా?" అందావిడ.

చిన్నది వంటింట్లోంచి వచ్చింది. నోట్లో రీడు లేదు. రీడు లేకుండా దాని మొహం ఎవరిదో మొహంలా ఉంది.

"వద్దు అక్కా. నువ్వు తప్పు వాయిస్తే నాకోసమే చేశావని ఆయనకు తెలిసిపోతుంది. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. కాదన్నా లాభం లేదు, వయొలిన్ వాళ్లకిస్తాడు. నువ్వే వాయించు. బాగానే వాయించు."

పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక అది అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినలేదు. నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపం కూడా వస్తుంది, అందుకని, "బాగానే ఏమిటి, బ్రహ్మాండంగా వాయిస్తాను" అని లోపలికి వెళ్లిపోయాను.

స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో సాధన చేశాను. ఎవరికీ వినబడదనుకున్నాను. బకెట్టు నిండి నీళ్లు గడప దాటాక మా అత్తగారు తలుపు బాదితే గానీ నాకు లోకం తెలియలేదు. ఏం చెయ్యను, ఆ పాట అలాంటిది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. రెండూ కలిసి ఒకే ఊపిరిలో వచ్చాయి.

ఎందుకుగారికి తెలియని సంగతి ఒకటుంది. ఆయన ఆ హుకుం వేయడానికి ముందు వారమే మా వాళ్లు ఊళ్లోని బడులన్నిటికీ వెళ్లి వాద్యాలను పిల్లలకు పరిచయం చేసి వచ్చారు. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. చిన్నది ప్రతి తరగతిలోనూ ఓబో చూపించి, ఇది కోడి అని చెప్పి, పిల్లల చేత ముట్టించింది. వాళ్లు దాన్ని కోడిని నిమిరినట్టే నిమిరారట. చిన్నదాని చేతికిచ్చి పంపిన నా క్లారినెట్‌ను చూసి బల్లల కింద దూరారట. అంటే ఆదివారం హాలుకు రాబోయే ప్రతి పిల్లకూ కోడితో ముఖపరిచయం ఉంది.

ఆదివారం వచ్చింది. హాలు కిటకిటలాడిపోయింది. కాళ్లు నేలకు అందని జనం వరసలు వరసలుగా కూర్చున్నారు. మూడో వరసలో మా అత్తగారు, ఆవిడ పక్కన చిన్నదాని కూతురు, మేం బుడంకాయ అని పిలిచే ఆరేళ్ల పిల్ల. అసలు సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. అమ్మ తర్వాత వస్తుంది, నువ్వు నానమ్మతో వెళ్లమన్నారంతే. వేదిక మీద నా పక్కన చిన్నదాని కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు గనుక ఎవరూ తియ్యలేదు.

శ్రుతికి స్వరం నేనే ఇచ్చాను. అంత ఆర్కెస్ట్రా నోరు మూసుకుని నన్ను వింది. ఎంత బాగుందో చెప్పను. అలా ఊదుతూ తలెత్తి చూద్దును కదా, హాలు వెనకాల తలుపు పక్కన గోడకు ఆనుకుని చిన్నది నిలబడి ఉంది. భుజాన ఓబో సంచీ. పెదవుల మధ్య రీడు. వాయించడానికి ఏమీ లేని రోజున కూడా దాన్ని తడుపుకుంటూ నిలబడింది. నాకు ఊపిరి తగ్గి స్వరం కొంచెం వణికింది. ముందు వరసలోని వయొలిన్ ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

కథ చెప్పే టీచరమ్మ ముందుకు వచ్చింది. బళ్లో ఒకటో తరగతి చెప్పే మనిషి, ఈ కథ ఏటా ఆవిడే చెబుతుంది.

"ఇదిగో పిల్లలూ, ఇది పికోలో. ఎవరు?"

"కోడిపిల్లా!"

పికోలో వాయించే ఆరడుగుల మీసాలాయన లేచి దండం పెట్టాడు.

"ఇది ట్యూబా. ఎవరు?"

"దున్నపోతూ!"

"ఇది క్లారినెట్. ఎవరు?"

"నక్కా!" అంటూ హాలంతా నన్ను చూసి బుస్సుమంది. నాకు అలవాటే.

"ఇక ఇదేమో..." అని టీచరమ్మ అలవాటుగా నా పక్క కుర్చీ వైపు చెయ్యి చాపింది. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "ఇదేమో... కోడి పాట. ఇవాళ అది కూడా ఈ అత్తే వాయిస్తుంది" అని గబగబా ముగించి పక్కకు తప్పుకుంది.

నేను వాయించాను. దాచుకోవడం ఎందుకు, నా జన్మలో అంత బాగా ఎన్నడూ వాయించలేదు. ఏళ్లుగా వేళ్లలో దాగి ఉన్న పాట ఒక్కసారిగా బయటికి వచ్చింది. ముక్కు గొంతు కూడా కొంచెం తెప్పించాను. ముగిసేసరికి హాల్లో చీమ చిటుక్కుమనలేదు. పిల్లలు మైమరచిపోయారనుకున్నాను. ఎందుకుగారు తెర పక్కనుంచి నాకు తల ఊపాడు.

అప్పుడు ముందు వరసలో పళ్లూడిన పిల్ల ఒకతె అడిగింది.

"కోడి ఏదీ?"

"ఇదేనమ్మా కోడి" అంది టీచరమ్మ.

"అది నక్క. ఇప్పుడే నువ్వే చెప్పావు."

టీచరమ్మ కండక్టరుగారి వైపు చూసింది. ఆయన పెదవులు చూద్దాం అన్నట్టు కదిలాయి. కర్ర ఎత్తారు. కథ మొదలయింది.

సంగీతం తెలిసిన వాళ్లం మేం చేసిన పొరపాటు అదే. మాకు పాటే కోడి. ఎవరు వాయించినా ఆ పాట వస్తే కోడి వచ్చినట్టే. పిల్లలకు అలా కాదు. వాళ్లకు వాద్యమే కోడి. కోడి పాట నక్క నోట్లోంచి వస్తోందంటే, దానికి ఒకే ఒక్క అర్థం ఉంది.

"కుర్చీ ఖాళీగా ఉంది" అని ఎవరో గుసగుసలాడారు.

"నక్క ఆ పక్కనే కూర్చుంది."

"కోడి గొంతు నక్క లోపల్నుంచి వస్తోంది."

నేనేమో ఇవన్నీ వింటూ ఇంకా బాగా వాయిస్తున్నాను. బాగా వాయించినకొద్దీ వాళ్ల అనుమానం బలపడుతోందని అప్పుడు తట్టలేదు. గొంతు అంత అచ్చంగా అనుకరించడం దొంగ నక్కకు తప్ప ఎవరికి చేతనవుతుంది? ఇంతలో కోడిపిల్ల తల్లి పిలుపు విని పరుగెత్తే చోటు వచ్చింది. మీసాలాయన పికోలో నోటి దగ్గర పెట్టుకున్నాడో లేదో హాలంతా లేచి నిలబడింది.

"పోవద్దు! పోవద్దు! అది మీ అమ్మ కాదు!"

మీసాలాయనకు ముగ్గురు మనవలు. పిల్లలు వద్దన్న పని చేసే మనిషి కాదు. పికోలో దించేసి, కుర్చీని నా నుంచి కొంచెం అవతలికి జరుపుకున్నాడు. కోడిపిల్ల లేక వయొలిన్లు ఆగిపోయాయి. దున్నపోతు ఒక్కటే కాసేపు నెమరు వేసి, చుట్టూ చూసి, అదీ ఆగింది.

ఆ నిశ్శబ్దంలో మూడో వరసలో బుడంకాయ కుర్చీ ఎక్కి నిలబడి, గొంతు చించుకుని అరిచింది.

"పెద్దమ్మ మా అమ్మను మింగేసింది!"

ఇక చెప్పేదేముంది. హాలు గొల్లుమంది. సగం మంది ఏడుస్తున్నారు, సగం మంది నన్ను కక్కమంటున్నారు. మా అత్తగారు మనవరాలిని పట్టి దించాల్సింది పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా నా వైపే చూస్తోంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు ఈనాటికీ తెలియదు.

ఎందుకుగారు పరుగున వేదిక మీదికి వచ్చాడు.

"బాబూ, అమ్మా, అందరూ వినండి. నక్క ఎవర్నీ మింగలేదు. కోడి అవసరం లేదని మేమే తీసేశాం. ఇకనుంచి కోడి పని కూడా నక్కే చూసుకుంటుంది."

ఇంత ఘోరమైన మాట ఆ పిల్లలు తమ జీవితంలో విని ఉండరు. ఒక్క క్షణం ఏడుపులు కూడా ఆగిపోయాయి. పళ్లూడిన పిల్ల చెయ్యెత్తింది.

"అయితే గుడ్లెవరు పెడతారు?"

 అన్నాళ్లుగా అందరినీ ప్రశ్నలడిగిన మనిషికి ప్రశ్న ఎదురయ్యేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు. నన్ను చూసి, "మేడం, విప్పి చూపించండి. లోపల ఏమీ లేదని చూస్తే ఊరుకుంటారు" అన్నాడు.

క్లారినెట్ అయిదు ముక్కలుగా ఊడివస్తుంది. ఒక్కొక్క ముక్కా ఊడదీసి, ఎత్తి, లోపల వెలుతురు కనబడేలా చూపించాను. పిల్లలు మెడలు సాచి ఒక్కో బొక్కలోకీ చూశారు. ఆఖరి ముక్క అయ్యాక వెనక వరస నుంచి ఒక నీరసమైన గొంతు, "అరిగిపోయింది" అంది. మళ్లీ ఏడుపులు మొదలయ్యాయి.

ముక్కలు ఒళ్లో పెట్టుకుని నేను బుడంకాయను చూశాను. మిగతా పిల్లలు కోడి కోసం ఏడుస్తున్నారు. అది అమ్మ కోసం ఏడుస్తోంది. దాని మాటలో తప్పేముంది? దాని అమ్మను నేను నిజంగానే మింగుతున్నాను. అందరి ముందూ, చక్కగా, శ్రుతి తప్పకుండా మింగుతున్నాను. నాలుగు అపస్వరాలు ఊదడానికి అడ్డొచ్చిన పౌరుషం ఇక దేనికీ అడ్డు రాలేదు. లేచి నిలబడ్డాను.

"అవును, మింగాను!" అన్నాను. నా గొంతుకు మైకు అక్కర్లేదు. "ఉండండి, కక్కుతాను. ఏమే చిన్నదానా, ఇంకా ఎంతసేపు ఆ గోడకు కాపలా కాస్తావు? రా బయటికి!"

పిల్లలందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు.  చిన్నది సంచీలోంచి ఓబో తీసింది. రీడు ఎలాగూ తడిగానే ఉంది. తలుపు దగ్గరే నిలబడి పాట అందుకుంది.

ఆ ముక్కు గొంతు వినగానే హాల్లో లేచిన కేక నేను చచ్చేదాకా మరిచిపోను. చిన్నది వాయిస్తూ కుర్చీల మధ్య నుంచి నడిచి వస్తుంటే, పిల్లలు రెండువైపుల నుంచీ చేతులు చాపి దాని బట్టలు ముట్టుకుని చూశారు, తడిగా ఉందేమో అని. బుడంకాయ నానమ్మ చెయ్యి విదిలించుకుని వచ్చి తల్లి నడుము పట్టుకుంది. మీసాలాయన ఎవరూ చెప్పకుండానే పికోలో ఎత్తాడు. కోడిపిల్ల పరుగెత్తింది. నేను క్లారినెట్ ముక్కలు బిగించుకుంటూ కూర్చున్నాను. కళ్లు మసకబారి ఒక ముక్క తలకిందులుగా పెట్టాను కూడా.

చిన్నది కుర్చీలో కూర్చున్నాక కండక్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు. మేమంతా చూద్దాం అంటారనుకున్నాం. "మొదటి నుంచి" అన్నారు.

మొదటి నుంచి వాయించాం. నేను బురదలో పడ్డప్పుడు చప్పట్లు ఎంతకీ ఆగలేదు. మా అత్తగారు కూడా లేచి నిలబడి కొట్టింది.

కచేరీ అయ్యాక ఎందుకుగారు తెర వెనక్కి వచ్చాడు. మెడ చుట్టూ చెమట. చిన్నదాన్ని చూసి, "మేడం, రేపు రిహార్సల్‌కి మామూలు టైముకే వచ్చెయ్యండి. ఇకమీదట కూడా" అన్నాడు.

నేను ఊరుకుంటానా? "ఎందుకండీ?" అన్నాను.

ఆయన మెడ తుడుచుకున్నాడు. "గుడ్లు పెట్టాలి కదండీ" అని వెళ్లిపోయాడు. ఆ మనిషికి హాస్యం తెలుసని ఎవరూ నాతో చెప్పలేదు.

ఇంటికి బస్సులో వచ్చాం. అత్తగారు ముందు సీట్లో కూర్చుంది. వెనక సీట్లో చిన్నది కిటికీ పక్కన, నేను ఈ చివర, బుడంకాయ మధ్యలో. తల్లికి అడ్డంగా చెయ్యి పెట్టి, నా వైపు ఓ కన్నేసి ఉంచింది.

"అక్కా, ఆ పాట నాకంటే బాగా వాయించావు" అంది చిన్నది, రీడు తీసి.

"తెలుసు" అన్నాను.

"అత్తయ్య చెప్పినట్టు నువ్వు కీచుమనిపించి ఉంటే, కోడికి గొంతు బాగాలేదేమోలే అని పిల్లలు ఊరుకునేవాళ్లు. ఆయన ఎవరికీ తేడా తెలియలేదనేవాడు. నా పని అయిపోయేది."

 దానికోసం నేను ఏదీ త్యాగం చెయ్యలేదు. నాకు కావలసి వాయించాను, కడుపారా వాయించాను. అది దానికి తెలుసు. తెలిసీ నా చెయ్యి పట్టుకుంది. నేను కిటికీలోకి చూస్తూ కూర్చున్నాను, కిటికీ దాని పక్కనుందన్న సంగతి మరిచిపోయి.

బుడంకాయ మా ఇద్దరి చేతుల వంకా చూసింది. చాలాసేపు ఏదో తూకం వేసుకుంది. తర్వాత తన చిన్న సంచీలో వెతికి, నలిగిన పొట్లం ఒకటి తీసి నా ఒళ్లో పెట్టింది.

"పెద్దమ్మా, ఈసారి ఆకలేస్తే ముందు నాకు చెప్పు. నా బిస్కెట్లు ఇస్తాను. అమ్మను మాత్రం తినకు."

సరేనన్నాను. ఎన్నేళ్ల ఆకలో దానికి చెప్పలేదు. పొట్లం విప్పి, అది చూస్తుండగా, ఒక్క ముక్క కూడా మిగల్చకుండా తిన్నాను.